అద్దె యింటిలో ఎరువుకుండ

సొంత పెరడు గల గృహిణికి ఎరువు చేసికొనుమని చెప్పుట సులభము. పెరటి మూల నొక గుంట త్రవ్వి, ఊడ్చిన ఆకులను, వంటింటి తుక్కును అందు వేయుచు పైన మన్ను కప్పుచుండిన చాలును. కొన్ని మాసములకు ఎరువు తనంతట తానే సిద్ధమగును. కాని నేడు పట్టణములలో మన సోదరీమణు లనేకులు అద్దె యిండ్లలో కాపురము చేయుచున్నారు. వారికి త్రవ్వుటకు జానెడు నేల లేదు. ఉన్నది మూడవ యంతస్తున నొక యిరుకైన బాల్కనీ, లేదా వంటింటి వెనుక గిన్నెలు తోముకొను చోటు. అదియైనను తమది కాదు. "నేల లేనివారికి ఎరువుతో నేమి పని?" యని వారడుగుట సహజమే. ఈ ప్రశ్నకే యిందు సమాధానము చెప్పదలచితిమి.

మొదట మనము దినదినము పారవేయుచున్న దేమో చూతము. నలుగురున్న యింట రోజునకు అరకిలో మొదలు ఒక కిలో వరకు తడిచెత్త పోగగును. బీరపొట్టును సైతము పచ్చడి చేయు పొదుపరి యిల్లాలు, అరటి తొక్కలను, కొత్తిమీర కాడలను, టీపొడి పిప్పిని మాత్రము ప్లాస్టికు సంచిలో మూటగట్టి బయట పెట్టుచున్నది. ఆ మూట ఊరి వెలుపలి చెత్తకుప్పలో గాలి సోకక కుళ్లును. గాలి లేక కుళ్లినచోట మీథేను అను వాయువు పుట్టును. అది భూతాపమును హెచ్చించునది. తేలికగా అంటుకొనునది కూడ. చెత్తకుప్పలు వేసవిలో రగులుటకు ఇదియొక హేతువు.

అంతకంటె ముందు ఆలోచింపవలసిన సంగతి మరొకటి కలదు. తడియు పొడియు కలిపి కట్టిన ఆ మూటను విప్పి చేతులతో వేరుచేయువారిలో ననేకులు మనవంటి స్త్రీలే. గాజుపెంకు గ్రుచ్చుకొనునదియు, దుర్గంధము సోకునదియు వారికే. 2016లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమములు, తడిచెత్తను, పొడిచెత్తను, గృహములందలి అపాయకరమైన చెత్తను ఇంటనే వేరుచేయవలెనని విధించినవి. చట్టము చెప్పినను చెప్పకున్నను, మన చేతి తుక్కును మరొకరి చేతి కంటకుండ చేయుట మర్యాద గల పని.

ఇక విధానము. ఇది మనకు కొత్తది కాదు. 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పరిశోధనలు సల్పిన ఆల్బర్టు హోవర్డు అను శాస్త్రజ్ఞుడు, మన రైతుల యనుభవమునుండి చాల నేర్చుకొని, ఆకులలములను పేడతో పొరలుగా పేర్చి ఎరువు చేయు పద్ధతిని క్రమపరచెను. దానికే ఇండోరు పద్ధతి యని పేరు. ఆ పొరల సూత్రమునే కుండలోనికి తెచ్చుకొనవచ్చును. మట్టికుండలను ఒకదానిపై నొకటి నిలిపి ఇంటనే ఎరువు చేయు సాధనములను 2006లో బెంగుళూరునందు పూనమ్ బీర్ కస్తూరి ప్రచారములోనికి తెచ్చిరి. అట్టివి కొననక్కరలేదు. కుమ్మరి వద్ద రెండు కుండలు కొనినను, ఇంట పగిలిన ప్లాస్టికు బకెట్లున్నను పని జరుగును.

ఇరువది లీటర్లు పట్టు పాత్రకు ప్రక్కలను, అడుగునను చిటికెనవ్రేలు పట్టనంత చిన్న రంధ్రములు చేయవలెను. మూడు ఇటుకలపై నిలిపి క్రింద నొక పళ్లెము పెట్టవలెను. అడుగున నాలుగంగుళముల మందమున ఎండుటాకులు గాని కొబ్బరిపీచు గాని పరచి, గుప్పెడు పాత ఎరువైనను, గరిటెడు పుల్లమజ్జిగ కలిపిన నీరైనను చల్లవలెను. దినమును తడితుక్కును చిన్న ముక్కలుగా తరిగి వేసి, దానికి సమముగనో, రెట్టింపుగనో ఎండుటాకులు కప్పవలెను. ఈ కప్పుటయే ఎరువుకుండకు ప్రాణము. తుక్కును ఎరువుగ మార్చు సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలుండిన కార్బను ఇరువదియైదు, ముప్పది పాళ్లుండవలెను. పచ్చిచెత్తలో నత్రజని మెండు. ఎండుటాకులలో కార్బను మెండు. వారమునకు రెండుసారులు కర్రతో కలియబెట్టి గాలి సోకనీయవలెను. ఒక కుండ నిండగనే రెండవదానిలో వేయుట మొదలిడి, మొదటిదానిని రెండు మూడు మాసములు మాగనీయవలెను. నిండుకుండ మూడవ వంతునకో, అంతకు తక్కువకో దిగును. తొలకరి మట్టి వాసన వచ్చి, నల్లగా పొడిపొడిగా నున్నచో ఎరువు మాగినదని తెలియును.

కుండలో వేయదగినవి: కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, చింతపండు పిప్పి, వాడిన పూలు, నలిపిన గుడ్డు పెంకులు. వేయరానివి: నూనె, ఊరగాయ, పాలు, మాంసము, చేపలు. మామిడి టెంకలు, కొబ్బరిచిప్పలు చివుకుటకు ఏండ్లు పట్టును గాన వేరుగా నుంచవలెను. ఎంగిలి కలిసిన ఎరువును తులసికోటకు వేయవచ్చునా యని సంశయించు పెద్దలు కలరు. కంచములో మిగిలినదానియందు ఉప్పు, నూనె ఉండును గనుక అది కుండలో వేయరానిదే. తరిగిన తొక్కలు, వాడిన పూలు మాత్రమే వేసినచో ఆచారమునకును లోపము లేదు, ఎరువునకును మేలు.

కొన్ని చిక్కులు రాకపోవు. దుర్గంధము వచ్చినచో తడి హెచ్చినదని యర్థము. ఎండుటాకులు కలిపి బాగుగ తిరుగవేయవలెను. చీమలు పట్టినచో పొడి హెచ్చినది, నీరు చిలకరింపవలెను. గుప్పెడు తీసి పిడికిట పిండిన ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలవలెను. లావైన పురుగులు కనబడిన జడియనక్కరలేదు. అవి నల్లని సైనికపు ఈగల పిల్లలు, తుక్కును వేగముగ తినును, రోగములు తేవు. చూచుటకు రోతయనిపించినచో పైన మందముగ ఆకులు కప్పిన చాలును. ఎండాకాలమున నీడనుంచి నీరు చల్లవలెను. వానలలో మూకుడు మూసి జల్లు తగులనిచోట నుంచవలెను.

ఇంటివారితో మాట యెట్లు? ఇది అద్దెకున్నవారి ముఖ్యమైన చింత. దాచి చేయుట తగదు. వారు తమంతట చూచినచో చెత్త దాచితిమని తలతురు. "పిన్నిగారూ, కుండ క్రింద పళ్లెము పెట్టెదను, నేలకు మరక కానీయను, వాసన వచ్చినచో ఆ దినముననే తీసివేసెదను" అని ముందుగ చెప్పి, ఒక్క కుండతో మొదలిడుట మేలు. పళ్లెములో దిగిన ఊటను ఎండుటాకులపై పోసి తిరిగి కుండలో వేయవలెను. క్రింది యంతస్తువారి బట్టలపై బొట్టైనను పడరాదు. మొదటి ఎరువులో నొక డబ్బెడు ఇంటివారి మల్లెచెట్టునకు వేసి చూపినచో, మరుసటి నెలకు వారే తమ తొక్కలను పంపవచ్చును.

ఏడాదికి మించిన అద్దె పత్రములను రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము విధించుటచే, పట్టణములలో పదునొకండు మాసముల ఒడంబడిక వాడుకయైనది. ఇల్లు మారవలసి వచ్చునని తెలిసిన నాటనుండి కొత్తతుక్కు వేయుట మానవలెను. ఒక మాసము గడచునప్పటికి తడి తగ్గి కుండ తేలికయగును. మాగినదానిని గోనెసంచిలో నింపుకొనవచ్చును. సగము మాగినదానిలో ఎండుటాకులు కలిపి కుండతోనే కొనిపోవచ్చును. వచ్చువారికి విడిచిపోవుట మాత్రము మర్యాద కాదు. నేల కడిగి, ఇటుకలు తీసి, చోటును వచ్చినప్పటి వలెనే అప్పగింపవలెను.

సిద్ధమైన ఎరువు ఒక పాలునకు మన్ను మూడు పాళ్లు కలిపి తొట్టిలో పోసినచో కరివేప, పుదీన, మిరప, బంతి బాగుగ పెరుగును. తొట్టి లేనివారు ఎరువును వీధి చెట్టు మొదట వేయవచ్చును. మనము బిడ్డలతో, సామానుతో ఎన్ని యిండ్లు మారినను, మన వంటింటి తొక్కలనుండి పుట్టిన మన్ను మనది. నేల లేని యిల్లాలికిని ఆపాటి నేల చేసికొను శక్తి కలదు. రేపటి కూర తరిగిన తొక్కలతోనే ప్రారంభింపుడు.