బలమునకు పుట్టుక యెంత? పోషణ యెంత?

మన పల్లెలలో ఒక పిల్లవాడు వేరుశనగ మూటను అవలీలగా వీపున వేసికొన్నచో, పెద్దలు ముచ్చటపడి "అచ్చము తాత పోలిక! ఆ రక్తము ఎక్కడికి పోవును?" అందురు. ఒక బాలిక బడి పరుగుపందెమున సగము దూరములోనే రొప్పుచు నిలిచిపోయినచో, "వారి వంశముననే ఆ సత్తువ లేదు" అని తీర్పు చెప్పి ఊరకుందురు. మొదటి మాటలో కొంత నిజమున్నది. రెండవ మాట తరచుగా తప్పు. తప్పు మాత్రమే కాదు, ఒక బిడ్డకు అందవలసిన సహాయమును అందకుండ చేయు మాట. ఈ రెంటిని గూర్చియు జీవశాస్త్రము నేడు ఏమి చెప్పుచున్నదో విచారింతము.

పుట్టుకకు గల శక్తిని తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. చిత్తూరు సీమలోని పుంగనూరు ప్రాంతము ఒక పొట్టి గోజాతికి తన పేరు నిచ్చినది. ఎదిగిన పుంగనూరు ఆవు ఎత్తు 70 మొదలు 90 సెంటీమీటర్లు. అనగా దాని మూపు మనిషి నడుమునకు మించదు. ఎండుగడ్డి తిని కరవుకాలమును గడపగలదు. పాలు తక్కువైనను వానిలో వెన్న మెండు. క్షీణించుచు వచ్చిన ఈ జాతిని పలమనేరు పశుపరిశోధన కేంద్రమున కాపాడుచు వచ్చిరి. దీని ప్రక్కన ఒక ఒంగోలు ఎద్దును నిలిపి చూడుడు. రాయలసీమ తిరునాళ్లలో జరుగు బండలాగుడు పందెములలో జనుల మెప్పు పొందునది ఆ జాతి. పుంగనూరు దూడకు ఉలవలును, తవుడును ఎంత పెట్టినను అది ఒంగోలు గిత్త కాజాలదు. ఆహారము దూడను పెంచును గాని జాతిని మార్చదు. పుట్టుక గీచిన గీత యనగా ఇదియే.

ఈ గీతను గీయునది జన్యువులు. తల్లి నుండి సగము, తండ్రి నుండి సగముగా ఇవి బిడ్డకు చేరును. ఒక్కొక్క జన్యువునందు శరీరమునకు కావలసిన ఏదో యొక మాంసకృత్తును తయారు చేయు విధము వ్రాసి యుండునని చెప్పవచ్చును. అట్టి మాంసకృత్తులలో మయోస్టాటిన్ అనునది కండ పెరుగుదలకు కళ్లెము వంటిది. బెల్జియము దేశమున బెల్జియన్ బ్లూ అను గోజాతి కలదు. ఆ జాతిలో ఈ జన్యువు చెడి యుండుటచే కళ్లెము తెగి, పశువుల తొడలును మూపులును అసాధారణముగా కండ పట్టుచున్నవని 1997లో తేలినది. మనుష్యులలోను ఇట్టిది అరుదుగా కలదు. జర్మనీ దేశమున ఇట్టి మార్పుతో పుట్టిన ఒక బాలుని గూర్చి వైద్యులు 2004లో ప్రకటించిరి. ఆ బాలుడు నాలుగున్నర యేండ్ల వయసున, చేతికి మూడు కిలోల చొప్పున బరువులు పట్టి, చేతులు చాచి నిలువగలిగెను.

రక్తమునకు సంబంధించిన ఉదాహరణము మరియొకటి కలదు. ఫిన్లాండు దేశీయుడు ఈరో మాంటిరంటా మంచుపై జారుచు సాగు దూరపు పందెములలో ప్రసిద్ధుడు. 1964లో ఇన్స్‌బ్రుక్ నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్సులో ఆయన రెండు స్వర్ణపతకములు గెలిచెను. తరువాత ఆయన బంధువులను పెక్కుమందిని పరీక్షింపగా, ఎర్రరక్తకణములను హెచ్చుగా పుట్టించు ఒక జన్యుమార్పు ఆ కుటుంబమున తరతరములుగా వచ్చుచున్నదని 1993లో వెల్లడి యైనది. రక్తమున ప్రాణవాయువును మోయు ఎర్రని పదార్థమునకు హీమోగ్లోబిన్ అని పేరు. సాధారణముగా పురుషులకు నూరు మిల్లీలీటర్ల రక్తమున అది 13 మొదలు 17 గ్రాముల వరకు ఉండును. మాంటిరంటాకు 20 గ్రాములు దాటి యుండెను. ఈ సంగతిని జ్ఞాపకమందుంచుకొనుడు. దీనితో మరల పని కలుగును.

ఇట్లు ఒక్క జన్యువే బలమును నిర్ణయించుట మిక్కిలి అరుదు. సామాన్య జనుల బలము వందలకొలది జన్యువుల చిన్న చిన్న పాళ్లు కలియగా ఏర్పడునట్టిది. వానిలో పేరు పొందిన జన్యువొకటి ఆల్ఫా ఆక్టినిన్ 3 అను మాంసకృత్తును తయారు చేయును. వేగముగా ముడుచుకొను కండపోగులలో ఇది యుండును. లోకమున సుమారు ఆరుగురిలో ఒకరికి ఈ మాంసకృత్తు బొత్తిగా లేదు. అయినను వారికి రోగమేమియు లేదు. ఉన్నతశ్రేణికి చెందిన పొట్టిపరుగుల వీరులలో అది లేనివారు మిక్కిలి తక్కువ యని 2003లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అయితే పరుగువేగమున మనిషికిని మనిషికిని గల భేదములో దీని వంతు నూటికి రెండు మూడు పాళ్లకు మించదు. ఈ జన్యువు చక్కగా నున్నవారు కోట్లకొలది కలరు. వారిలో పరుగువీరులైనవారు ఎందరు?

గోజాతుల పోలికను ఇచ్చట ఆపవలెను. పుంగనూరు, ఒంగోలు జాతులను రైతులు అనేక తరములు ఏరి, కోరిన ఆబోతుతో కోరిన ఆవును కలిపి నిలిపిరి. మనుష్యులలో అట్టి ఎంపిక జరుగలేదు. కులము, ఊరు, ప్రాంతము అని మనము గీచుకొన్న హద్దులకు ఇరువైపుల గల భేదము కంటె, ఒకే హద్దులోపల మనిషికిని మనిషికిని గల జన్యుభేదమే ఎంతయో హెచ్చు. కావున తాత బలము మనుమనికి కొంత రావచ్చునుగాని, "ఫలానావారు బలవంతులు, ఫలానావారు దుర్బలులు" అను మాటకు శాస్త్రమున ఆధారము లేదు.

మరి పుట్టుక వంతు ఎంత? దీనిని కొలుచుటకు శాస్త్రజ్ఞులు కవలలను ఆశ్రయించిరి. ఒకే అండము నుండి పుట్టిన కవలలకు జన్యువులు ఒక్కటే. వేర్వేరు అండముల నుండి పుట్టిన కవలలు సామాన్యముగా తోబుట్టువుల వంటివారు. ఈ రెండు విధముల జంటలలో పోలిక యెంత యున్నదో సరిచూచి, కండబలమున మనుష్యుల మధ్య కనబడు భేదములో సుమారు సగము పుట్టుక వలన కలుగుచున్నదని లెక్కకట్టిరి. ఈ మాటను జాగ్రత్తగా గ్రహింపవలెను. ఒక మనిషి బలములో సగము తాతనుండి, సగము తిండినుండి వచ్చినదని దీని యర్థము కాదు. పరీక్షింపబడిన ఆ జనులలో, వారున్న ఆ పరిస్థితులలో, హెచ్చుతగ్గులకు గల కారణములలో సగము పుట్టుకకు చెందినదని మాత్రమే అర్థము. పరిస్థితులు మారిన లెక్కయు మారును.

మన సీమ పంటతోనే దీనిని చూడవచ్చును. కలగలుపు వేరుశనగ విత్తనమును ఒకే సంచి నుండి తీసి, సగము బావి క్రింద ఎరువు వేసిన నేలలోను, సగము వానను నమ్ముకొన్న రాతి మెట్టచేనిలోను వేసితిమనుకొనుడు. బావి క్రింది నేలలో నీరును ఎరువును అన్ని మొక్కలకు సమానమే. అచ్చట ఒక మొక్కకు కాయలు హెచ్చు, ఒకదానికి తక్కువ యైనచో ఆ భేదము చాలవరకు విత్తనములోనిది. కాని ఆ నేల మొత్తమునకును మెట్టచేను మొత్తమునకును పంటలో గల భేదము విత్తనముది కాదు, నేలది, నీటిది. మెట్టచేను పంట తగ్గినప్పుడు విత్తనమును నిందించు రైతు లేడు, వాన పడలేదనును. బిడ్డల విషయమున మాత్రము మనము విత్తనమునే నిందింతుము.

శిక్షణకు శరీరము లొంగు తీరునందు కూడ పుట్టుకకు వంతు కలదు. అమెరికా, కెనడా దేశములలో 98 కుటుంబములకు చెందిన 481 మందిచే 20 వారములు ఒకే విధముగా వ్యాయామ సైకిలు త్రొక్కించి, వారి శరీరము నిమిషమునకు ఎంత ప్రాణవాయువును వినియోగింపగలదో కొలిచిరి. ఫలితములు 1999లో వెలువడెను. సగటున సుమారు 400 మిల్లీలీటర్ల వృద్ధి కనబడెను. కాని కొందరిలో వృద్ధి దాదాపు శూన్యము; మరికొందరిలో ఒక లీటరుకు పైగా. ఒక కుటుంబమువారు ఒకే తీరుగా వృద్ధి పొందుట తరచుగా కానవచ్చెను. కావున ఒకే శిక్షణ అందరికి ఒకే ఫలమును ఇయ్యదు. ఒక వ్యాయామము పట్టుబడనివానికి మరియొకటి పట్టుబడవచ్చునని ఉపాధ్యాయులు గ్రహింపవలెను.

తెలుగునాట ఈ విషయమునకు తగిన ఉదాహరణము కరణం మల్లేశ్వరి. ఆమె తండ్రి కళాశాలలో ఫుట్‌బాల్ ఆడినవాడు. సోదరీమణులును బరువులెత్తుటలో శిక్షణ పొందిరి. ఇది రక్తమహిమయని ఒకరు అనవచ్చును. ఆ యింట బరువులెత్తుట నిత్యకృత్యమగుటచే అబ్బినదని మరియొకరు అనవచ్చును. ఒకే యింట జన్యువులును, అలవాట్లును కలిసియే వచ్చును గనుక ఈ రెంటిని విడదీయుట సాధ్యము కాదు. శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస ప్రాంతమున పెరిగిన ఆమె 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత యయ్యెను. 2000 సెప్టెంబరులో సిడ్నీ నగరమున 69 కిలోల తరగతిలో 110 కిలోలు, 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత మహిళ ఆమెయే. స్త్రీల బరువులెత్తు పందెములు ఒలింపిక్సులో చేరినది ఆ యేడాదియే. అంతకుముందు తరములలో అట్టి జన్యువులే గల ఆడబిడ్డలు మన పల్లెలలో ఎందరో పుట్టి యుందురు. వారికి ఆ తలుపు తెరువబడియే యుండలేదు.

ఇప్పుడు పరుగుపందెమున నిలిచిపోయిన బాలిక యొద్దకు వత్తము. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలదు. 12 గ్రాములున్న బాలిక రక్తము నూరు మిల్లీలీటర్లకు సుమారు 16 మిల్లీలీటర్ల ప్రాణవాయువును కండలకు తీసికొనిపోవును. 8 గ్రాములే యున్నచో 11 మిల్లీలీటర్లు కూడ కాదు. అనగా మూడవవంతు తగ్గినది. అట్టి బాలిక రొప్పుటలో వింత యేమున్నది? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 యేండ్ల వయసుగల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. మాంటిరంటాకు ఆయన జన్యువు అధికముగా ఇచ్చిన దానినే, మన బిడ్డలకు ఇనుము చాలని తిండియు, కడుపులోని కొంకిపురుగులును, నెలనెల రక్తస్రావమును తగ్గించుచున్నవి. రక్తహీనతలు కొన్ని పుట్టుకతోడను వచ్చును గనుక కారణమును వైద్యుడే నిర్ణయింపవలెను. కాని పెక్కుమందికి ఇది సరిచేయదగిన లోపము.

సరిచేయు మార్గములు మన చేతిలోనివే. రాగిసంకటి సున్నపు ధాతువునకు మంచిదే గాని అది యొక్కటియే చాలదు. ప్రక్కన ఆకుకూర, పప్పు, మాంసాహారులైనచో మాంసము ఉండవలెను. నిమ్మరసమో, ఉసిరికాయయో చేరినచో ఆకుకూరలోని ఇనుము మెరుగుగా వంటబట్టును. భోజనముతోడనే కాఫీ, తేనీరు త్రాగినచో ఆ ఇనుము వంటబట్టుట తగ్గును. కిశోర బాలబాలికలకు వారమునకొకసారి ఇచ్చు ఇనుము మాత్రను, పురుగుల మందును బడులలో వదలక మింగింపవలెను. పాదరక్షలు, మరుగుదొడ్డి కొంకిపురుగును దూరముంచును.

ఇటీవల ఉమ్మిని పరీక్షించి, "మీ బిడ్డకు ఏ ఆట తగును?" అనుదానిని జన్యువులను బట్టి చెప్పెదమని సొమ్ము పుచ్చుకొను సంస్థలు బయలుదేరినవి. 2015లో పలుదేశముల నిపుణులు కలిసి విచారించి, క్రీడాప్రతిభను ఏరుటకు అట్టి పరీక్షలు పనికిరావని ప్రకటించిరి. కారణము పైన చెప్పినదే: ఒక్కొక్క జన్యువు వంతు మిక్కిలి స్వల్పము. ఆ పరీక్షకు వెచ్చించు సొమ్ములో చిన్న భాగముతో హీమోగ్లోబిన్ పరీక్ష చేయింపవచ్చును. ప్రభుత్వ వైద్యశాలలో అది ఉచితము.

పుట్టుక కొందరిని ముందు నిలుపును. ఒలింపిక్ వేదికపై తుది అడుగు వేయునప్పుడు ఆ భేదము లెక్కకు వచ్చును. మన బడి ఆటస్థలమున ఆ భేదము తేలునంతటి సమానమైన తిండి, సమానమైన అవకాశము ఇంకను ఏర్పడలేదు. కావున ఉపాధ్యాయులారా, తలిదండ్రులారా! ఒక బిడ్డ వెనుకబడినప్పుడు తాత యెవరని అడుగకుడు. ఉదయము ఏమి తిన్నది, రక్తము ఎంత యున్నది, ఎన్నాళ్లు అభ్యాసము చేసినది అని అడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరికి, లోపము సవరింపబడిన పిమ్మటనే వంశమును గూర్చి మాటలాడవలెను.