వార్తల్లో పదం: సోలార్ పెర్గోలా

పెరట్లోనో డాబా మీదనో స్తంభాలు నిలిపి, పైన తాటాకుల బదులు సోలార్ ప్యానెళ్లు పరిచిన పందిరే సోలార్ పెర్గోలా. కింద నీడ, పైన కరెంటు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కప్పు ఇలాంటిదే. సామర్థ్యం 16 మెగావాట్లు.

ప్యానెళ్లిచ్చే డీసీ కరెంటును ఇన్వర్టర్ ఏసీగా మారుస్తుంది. వాడగా మిగిలింది నెట్ మీటర్ లెక్కలోకెక్కి గ్రిడ్‌లోకి పోతుంది, బిల్లు తగ్గుతుంది. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. ఇళ్ల రూఫ్‌టాప్ సోలార్‌కు పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ ఉంది.

అసలు జాగ్రత్తంతా గాలి దగ్గరే. వేసవి గాలిదుమారానికి ప్యానెల్ తెరచాపలా లేస్తుంది. కాంక్రీటు పునాది, తుప్పు పట్టని బోల్టులు తప్పనిసరి. జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడలో దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది, కడిగేందుకు నిచ్చెన వేసే చోటు ముందే వదలాలి.