పాస్టరు చేతిలో రిజిస్టరు: దళితవాడలో క్రైస్తవ పరిచర్య ముందున్న ప్రశ్న

దళితవాడలో పనిచేసే పాస్టరు దగ్గర రెండు పుస్తకాలుంటాయి. ఒకటి బైబిలు. రెండోది సంఘపు రిజిస్టరు. బైబిలు ప్రతి ఆదివారం అందరి ముందు తెరుచుకుంటుంది. రిజిస్టరు బీరువాలో ఉంటుంది. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు అందులో రాయాలి. రాయాలి అన్నానుగాని చాలాచోట్ల రాయరు. ఎందుకు రాయరో వాడలో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు.

నేను పదో తరగతి పాసయ్యాక కుల సర్టిఫికెట్టుకు అర్జీ పెట్టుకున్నాను. విచారణకు మనిషి వస్తున్నాడని తెలిసి మా నాయనమ్మ గోడమీది ఏసుప్రభువు పటం తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. అలా పెట్టమన్నది మా పాస్టరయ్యగారే. "రెండ్రోజులు పక్కన పెట్టమ్మా, పిల్లోడి చదువు పోద్ది. ప్రభువుకి మన సంగతి తెలవదా" అన్నారు. ఆయన ఆ మాట అనకపోతే ఈ వ్యాసం రాసే చోటికి నేను వచ్చేవాణ్ణి కాదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. కానీ సత్యం పలకమని బోధించాల్సిన మనిషి చేత ఆ మాట అనిపించిందెవరు?

పరిచర్య గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా పాస్టరు ప్రార్థనా జీవితం గురించి, ప్రసంగం గురించి, కానుకల లెక్క గురించి మాట్లాడతారు. అవి ముఖ్యం కావని నేననను. అయితే మన పల్లెల్లో పాస్టరు నాయకత్వం నిలిచేదీ పడిపోయేదీ వేరే చోట. ఆయన వాడ మనిషిగా ఉండగలుగుతున్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆయన్ని వాడ నుంచి లాగేసే శక్తులు మూడున్నాయి. జీతమిచ్చే సంస్థ ఒకటి, చట్టం ఒకటి, సంఘంలోపలి కులం ఒకటి.

బాప్తిస్మమిచ్చిన చేతులు

తెలుగు దేశంలో క్రైస్తవ్యం దొరలు తెచ్చి దళితులకు పంచిపెట్టిన వస్తువని ఒక అభిప్రాయం ఉంది. అటు హిందూత్వవాదులూ ఇటు కొందరు మిషన్ చరిత్రకారులూ ఈ విషయంలో ఒకే మాట మాట్లాడతారు. జరిగింది అది కాదు. ఒంగోలు ప్రాంతంలో ఈ ఉద్యమానికి దారి తీసింది ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ బేరం మీద ఊళ్ళు తిరిగే మాదిగ. క్రైస్తవుడు కాకముందే యోగ గురువుల బోధ విని, సాధన చేసినవాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో పని మొదలుపెట్టిన 1866లోనే పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. తన చుట్టపక్కాలుండే మాదిగ పల్లెల్లో తానే తిరిగి బోధించాడు. ఆ కాలపు మాదిగ బోధకుల సంగతులు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చయిన తన పుస్తకంలో రాసింది.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది ఆ పనిమీద బతికారు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాయం జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. పని అయిపోయాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్యను అందరూ చెప్తారు. చెప్పనిది ఇంకొకటుంది. ఆ రోజు నీళ్ళల్లో నిలబడి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు దేశీయ బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. అంటే పరిచర్య మొదటి నుంచీ వాడ మనుషుల చేతుల్లోనే నడిచింది.

సంఘంలో చేరేవాళ్ళకు అప్పట్లో మూడు నియమాలు పెట్టారు. విగ్రహాలకు మొక్కరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, ఆదివారం పని చేయరాదు. చూడ్డానికి ఇవి మతనియమాలు. ఊరి పెత్తందారుకు మాత్రం ఇవి తిరుగుబాటు. ఊరి జాతరలో డప్పు కొట్టేదెవరు? కోతల్లో ఆదివారం పనికి వచ్చేదెవరు? ఈ గొడవల్లో ఊరికీ వాడకీ మధ్య నిలబడాల్సి వచ్చినవాడు బోధకుడు. అందుకే పల్లెలో పాస్టరు పని ఒట్టి ప్రసంగంతో ఎన్నడూ తీరలేదు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించాడు. రాత్రి ప్రార్థన పెట్టాడు. అర్జీ రాశాడు, ఉత్తరం చదివి పెట్టాడు, జబ్బుపడ్డవాణ్ణి బండెక్కించి మిషనాసుపత్రికి తీసుకెళ్ళాడు.

జీతం ఎవరిస్తే మాట వాళ్ళది

ఈ పని చేసేవాడికి కూడు ఎవరు పెట్టాలి? మొదట్లో మిషన్ పెట్టింది. దానివల్ల పాస్టరు ఊరి పెత్తందారు గడప తొక్కకుండా బతికాడు. ఇది చిన్న లాభం కాదు. కానీ జీతంతో పాటు యజమాని మారాడు. ఎక్కడ పనిచేయాలో, ఎప్పుడు బదిలీ కావాలో, ఏ విషయం మాట్లాడకూడదో మిషన్ నిర్ణయించింది.

1912లో దోర్నకల్ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఈ చిక్కును గుర్తించినవాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడాయన. పేద సంఘమైనా తన కాపరిని తానే పోషించుకోవాలని పట్టుబట్టాడు. క్రైస్తవుడు ఇవ్వడం నేర్చుకోవాలని ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. పొయ్యిమీద ఎసరు పెట్టేటప్పుడు తల్లులు ఒక పిడికెడు బియ్యం సంఘానికని తీసి పక్కన పెట్టే ఆచారం మన పల్లెల్లో చాలామందికి ఎరుకే. కూలి తల్లి తీసిపెట్టిన ఆ పిడికెడు బియ్యం తిన్న పాస్టరు జవాబు చెప్పాల్సింది ఆమెకే.

స్వాతంత్ర్యం వచ్చాక అధికారం భారతీయుల చేతికి వచ్చింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1927 నాటికే ఉంది. దొరల కుర్చీల్లో మనవాళ్ళు కూర్చున్నారు. కానీ కుర్చీ తీరు మారలేదు. పట్టణాల్లో మిషన్ స్థలాల విలువ పెరిగేకొద్దీ సంఘపు ఎన్నికలు, కమిటీలు, కోర్టు కేసులు పెరిగాయి. పల్లె పాస్టరుకు బదిలీ భయం పట్టుకుంది. ఏ వర్గంతో ఉండాలన్నది పరిచర్య కంటే పెద్ద విషయమైపోయింది.

ఇంకోపక్క ఏ సంస్థకూ చెందని స్వతంత్ర సంఘాలు పల్లెపల్లెనా లేచాయి. ఈ పాస్టర్లలో చాలామంది వారమంతా ఆటో నడుపుతారు, తాపీ పనికి పోతారు, ప్రైవేటు బడిలో పాఠం చెప్తారు. ఆదివారం కాపరులు. వీళ్ళకు బదిలీ లేదు, పింఛనూ లేదు. కానుకల పళ్ళెం మీద బతుకు. సంఘంలో నాలుగు డబ్బులిచ్చే ఇంటిమీద ప్రసంగంలో ఒక్క మాట పడినా, ఆ ఇల్లు మరుసటి ఆదివారం వేరే మందిరంలో ఉంటుంది. సంస్థ పాస్టరుకు బిషప్పు భయం, స్వతంత్ర పాస్టరుకు దాత భయం. ఈ రెండు భయాలూ వాడకు పనికొచ్చేవి కావు.

చట్టం గీసిన గీత

ఇప్పుడు రిజిస్టరు దగ్గరకు వద్దాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గీత దాటనిచ్చారు. క్రైస్తవులకు, ముస్లిములకు ఇవ్వలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను తప్పుపట్టలేదు. మతం మారినా అదే తీరు వివక్ష అంతే తీవ్రంగా సాగుతోందని రుజువు చూపలేదన్నది. అదే సంవత్సరం జులై 17న కారంచేడులో మాదిగవాడ మీద దాడి జరిగింది. దాడికి వచ్చినవాడు ఎవరి మెడలో సిలువ ఉందో, ఎవరి నుదుట బొట్టు ఉందో చూసి కొట్టడని వేరే చెప్పాలా?

మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను వెనకబడిన తరగతుల్లో 'సి' గ్రూపు కింద పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 1977లో వచ్చిన జీవో 341 కొన్ని ఆర్థిక రాయితీలు ఇచ్చింది. రాజ్యాంగపరమైన హక్కులు మాత్రం ఇవ్వలేదు. మూడో పేరా తీసెయ్యాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది.

2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన కేసు సూటిగా పాస్టరుదే. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాడు. ఏళ్ళ తరబడి పాస్టరుగా ఉన్నవాడు షెడ్యూల్డు కులస్తుడు కాడనీ, చేతిలో సర్టిఫికెట్టు ఉన్నంత మాత్రాన ఆ చట్టం వర్తించదనీ హైకోర్టు కేసు కొట్టేసింది. అంతకు ముందు 2020లో, కరోనా రోజుల్లో, ప్రభుత్వం అర్చకులతో ఇమాములతో పాటు పాస్టర్లకు 5,000 రూపాయల సాయం ఇస్తే, తీసుకున్నవాళ్ళలో ఎస్సీ సర్టిఫికెట్లున్నవాళ్ళున్నారని ఫిర్యాదులు పోయాయి.

దీని అర్థమేమిటి? సంఘ సభ్యుడు ఆదివారం గుళ్ళో కూర్చున్నా బయట ఎలాగో తప్పించుకుంటాడు. పాస్టరుకు తప్పించుకునే చోటే లేదు. ఆయన వృత్తే ఆయన మీద సాక్ష్యం. తిట్టినవాడు కులం చూసి తిడతాడు, కోర్టు మతం చూసి పంపేస్తుంది.

పల్లెల్లో జరుగుతున్నది

ఈ గీతతో పాస్టర్లు రకరకాలుగా సర్దుకుంటున్నారు. కొందరు బాప్తిస్మమిస్తారు, రిజిస్టరులో ఎక్కించరు. కొందరు పిల్లల చదువు, ఉద్యోగం అయ్యేదాకా బాప్తిస్మం వాయిదా వేస్తారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న పాస్టరు పెళ్ళి చేసినా, పెళ్ళివారు సర్టిఫికెట్టు వద్దంటారు. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు. కొందరు మాత్రం ఖచ్చితంగా రాస్తారు, వచ్చే నష్టం దేవుడు చూసుకుంటాడంటారు. ఆ నష్టం పాస్టరుది కాదు, పదో తరగతి పిల్లది.

బయటివాళ్ళు దీన్ని మోసం అంటారు. పాస్టర్లేమో దాన్ని లోలోపల పాపంలా మోస్తారు. వాడకు జరుగుతున్న అసలు నష్టం మూడోది. దాచుకునేది ఉన్నవాడు గట్టిగా మాట్లాడలేడు. ఇళ్ళస్థలాల కోసం, శ్మశానం దారి కోసం తహసీల్దారు ముందు నిలబడినప్పుడు, "నువ్వెవరు, నీ కులమేది" అంటే పాస్టరు గొంతు తగ్గుతుంది. ఒకప్పుడు అర్జీ రాసిన చెయ్యి ఇప్పుడు సంతకం పెట్టడానికి జంకుతుంది.

క్రైస్తవులైన అస్పృశ్యులకు తమ మీది అన్యాయాలను ఎదిరించే ఉద్యమం లేదని అంబేద్కర్ ఏనాడో ఎత్తిచూపాడు. కష్టాలకు కారణం సమాజం కాదు, నీ పాపమేనని బోధించడం అందులో ఒక కారణమన్నాడు. మన ప్రసంగాలు వింటే ఆ మాట ఇంకా పాతబడలేదనిపిస్తుంది. దళిత వేదాంతం పుట్టలేదని కాదు. 1980ల నుంచి ఎ.పి.నిర్మల్ వంటివాళ్ళు దానికి దారి వేశారు. వేదాంత కళాశాలల్లో అది పాఠం కూడా. పట్టా పుచ్చుకుని పల్లెకు వచ్చిన పాస్టరు మాత్రం దాన్ని పెట్టెలోనే ఉంచుతున్నాడు.

మన ఇంట్లో మాట

చట్టాన్ని, ప్రభుత్వాన్ని అడిగే ముందు సంఘం తన ఇల్లు చూసుకోవాలి. మాల గుడి, మాదిగ గుడి అని వేరువేరుగా ఉన్న పల్లెలు మనకు తెలుసు. కథోలిక సంఘంలో మొదటి దళిత ఆర్చిబిషప్పుగా మారంపూడి జోజి హైదరాబాదుకు రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. మొదటి దళిత కార్డినలుగా పూల ఆంథోనీ 2022లో అయ్యారు.

ఆడవాళ్ళ మాట చెప్పనే అక్కర్లేదు. బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరక్కపోతే ఈ సంఘాలే లేవు. ఇవాళ కూడా పాస్టరమ్మ సండే స్కూలు నడుపుతుంది, రోగుల్ని చూస్తుంది, పురుడొచ్చిన ఇంటికి అర్ధరాత్రి పోతుంది. జీతం పట్టీలో ఆమె పేరు ఉండదు. దక్షిణ ఇండియా సంఘంలో ఒక స్త్రీ, ఇ.పుష్పలలిత, బిషప్పు కావడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె నంద్యాల డయాసిస్‌కు వచ్చారు.

ఏం చేయాలి

పాస్టర్లు ఒంటరిగా రిజిస్టరు దాచుకునే పద్ధతి పోవాలి. ఈ భారం పాస్టరు మనస్సాక్షి మీద కాక సంఘం మొత్తం మీద ఉండాలి. రాసుకుంటే ఏమవుతుంది, రాయకపోతే ఏమవుతుంది అన్నది సంఘ పెద్దలు, ఆడవాళ్ళు, చదువుకునే పిల్లలు కలిసి కూర్చుని బాహాటంగా చర్చించాలి. మూడో పేరా అంటే ఏమిటో, ఏ కేసులో ఏ కోర్టు ఏమన్నదో వేదాంత కళాశాలల్లో పాఠంగా చెప్పాలి. డయాసిస్‌లు మిషన్ ఆస్తుల వ్యాజ్యాలకు పెట్టే ఖర్చులో కొంతైనా దెబ్బతిన్న పల్లె పాస్టరు కేసుకు పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, క్రైస్తవ దళితుల హక్కుల పోరాటాన్ని బిషప్పుల వినతిపత్రాలకు వదిలెయ్యకుండా మాల, మాదిగ సంఘాలు తమ పోరాటంలో భాగం చేసుకోవాలి.

మా పాస్టరయ్యగారు పోయి కొన్నేళ్ళయింది. ఆయన చేయించిన బాప్తిస్మాల్లో ఎన్ని రిజిస్టరులో ఉన్నాయో నేను చూడలేదు. నాయనమ్మ మాత్రం ఆ పటాన్ని మూడో రోజే మళ్ళీ గోడకెక్కించింది. తీసినచోట సున్నం మీద చతురస్రంగా మచ్చ కనబడుతుంటే ఆమెకు నిద్రపట్టలేదట. పటం తియ్యక్కర్లేకుండా పిల్లవాడు చదువుకునే రోజు తేవడమే పరిచర్య అని పాస్టర్లు అనుకున్ననాడు, వాడ వాళ్ళ వెనక నడుస్తుంది.