బిట్‌కాయిన్ యంత్రాలు: బయానా నేడు, సరుకు ఆరు నెలలకు

కర్నూలు: ప్రత్తి వర్తకునికి కొత్త పంట రాకడల వార్త ఎంత ముఖ్యమో, బిట్‌కాయిన్ తవ్వేవారికి కొత్త యంత్రాల వార్త అంత ముఖ్యం. రాకడలు ముమ్మరం కానున్నవని తెలిస్తే చాలు, ఆదోని యార్డులో పాత సరుకు ధర మెత్తబడుతుంది. యంత్రాల బజారులోనూ అంతే. కొత్త రకం ఇంకా ఓడ ఎక్కకముందే, కేవలం ప్రకటన వెలువడినందుకే, నడుస్తున్న యంత్రాలకు మందీ పడుతుంది. ప్రత్తి బేలును గోదాములో ఉంచి మంచి ధరకు కనిపెట్టుకొని ఉండవచ్చు. గోదాములో ఉంచిన యంత్రం నెలనెలకూ పాతబడటం తప్ప వేరే గతి లేదు.

చైనా కంపెనీ బిట్‌మైన్ 2025లో ఎస్23 హైడ్రో అనే కొత్త రకాన్ని ప్రకటించి, 2026 నుంచి సరఫరా అని చెప్పి ఆర్డర్లు తీసుకున్నది. మైక్రో బి.టి., కెనాన్ కంపెనీలు దానికి పోటీదార్లు. ఖాళీ మిల్లు షెడ్డు, హెచ్.టి. కనెక్షను చేతిలో ఉన్న కర్నూలు, కడప జిల్లాల వర్తకునికి ఇటువంటి వార్త ఆశ పుట్టించడం సహజమే. బయానా చెల్లించే ముందు చూడవలసిన లెక్క ఒకటి ఉన్నది.

ఈ యంత్రం చేసే పని ఒక్కటే. ఒక అంకెల తాళానికి సరిపోయే సంఖ్య దొరికేవరకు అదే లెక్కను మార్చి మార్చి వేస్తుంది. ఇతర పనికి పనికిరాదు. సెకనుకు లక్ష కోట్ల సార్లు లెక్క వేస్తే ఒక టెరాహాష్. ప్రత్తి దూదికి క్యాండీ ధర పలికినట్లు, యంత్రాలకు టెరాహాష్ ఒక్కింటికి ఇన్ని డాలర్లని ధర పలుకుతుంది. నూనె మిల్లులో బస్తాకు ఎంత కరెంటు కాలుతుందని చూసినట్లే, ఇక్కడ టెరాహాష్‌కు ఎన్ని జౌళ్లు కాలుతున్నవో చూస్తారు. 2013 చివర వచ్చిన ఆంట్‌మైనర్ ఎస్1కు దాదాపు 2,000 జౌళ్లు కాలేవి. 2016 నాటి ఎస్9కు సుమారు 98. 2020లో ఎస్19 ప్రోకు 29.5. 2023లో ప్రకటించిన ఎస్21కు 17.5. ఎస్23 హైడ్రోకు 9.5 అని కంపెనీ చెప్పుతున్నది. పన్నెండేళ్లలో ఖర్చు రెండువందలో వంతుకు దిగిన యంత్రం మరే మిల్లులోనూ కనబడదు.

అయితే లాభం కూడా ఆ మేరకు పెరిగిందా అంటే పెరగలేదు. కారణం స్పష్టమే. లోకమంతటా కలిపి రోజుకు బయటపడే కొత్త నాణేలు ఇంచుమించు 450 మాత్రమే. 2009లో పది నిమిషాలకు 50 నాణేల చొప్పున మొదలైన ఈ సరఫరా 2012, 2016, 2020లలో సగం సగమై, 2024 ఏప్రిల్‌లో 3.125 వద్దకు వచ్చినది. తరువాతి కోత 2028లో. యంత్రాలు ఎక్కువైతే సుమారు రెండు వారాలకు ఒకసారి లెక్క తనంతట తానే కఠినమవుతుంది. కొడవళ్లు ఎన్ని పెరిగినా చేను అంతే. కొత్త కొడవలి కొన్నవాడు పక్కవాడి వాటా తీసుకుంటాడు, ఆ పక్కవాడు కూడా కొత్తది కొనేవరకు.

ఇక్కడ బయానా సంగతి ముందుకు వస్తున్నది. యంత్రానికి ధర కట్టేది నేటి రాబడిని చూసి. అది చేతికి వచ్చేది ఆ రాబడి తరిగిన తరువాత. ఒకే ప్రకటన చూసి బయానా కట్టిన వారందరి యంత్రాలూ దాదాపు ఒకే నెలలో ఓడ దిగుతవి.

2012–13 నాటి అనుభవం వర్తకులు గుర్తుంచుకోదగినది. ఈ పనికే ప్రత్యేకంగా చేసిన చిప్పుల యంత్రాలు (వీటినే ఏసిక్ అంటారు) అప్పటికి మార్కెట్టులో లేవు. అమెరికాలోని బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే సంస్థ 2012 జూన్ నుంచి ముందుగానే పూర్తి సొమ్ము తీసుకొని ఆర్డర్లు రాసుకున్నది. అక్టోబరు గడువు దాటిపోయింది. 2013 సెప్టెంబరు నాటికి కూడా 20 వేల మందికి పైగా కొనుగోలుదార్లకు సరుకు అందలేదని ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కోర్టుకు వెళ్లింది. 2016లో ఆ వ్యవహారం రాజీతో ముగిసింది. సరుకు అందినవారికైనా ఒరిగిందేమిటి? 2013 జనవరిలో సుమారు 30 లక్షలున్న కాఠిన్యపు అంకె ఆ డిసెంబరు చివరకు 118 కోట్లకు చేరింది. జనవరిలో రోజుకు ఒక నాణెం తీయగల యంత్రం డిసెంబరులో నాలుగు వందల రోజులు తిరిగితే గాని ఒక నాణెం తీయదు. ఆ ఏడాది నాణెం ధర 13 డాలర్ల నుంచి నవంబరులో వెయ్యి డాలర్లు దాటినది నిజమే. కాని యంత్రానికి కట్టిన సొమ్ముతో జనవరిలో నాణేలే కొని ఊరుకున్నవాడు, యంత్రం కోసం ఎదురుచూసినవానికన్న మేలుగా బయటపడ్డాడు.

రెండవ పాఠం 2021–22 నాటిది. చైనా ప్రభుత్వం 2021 వేసవిలో తవ్వకాలను అణచివేయగా ఆ జూలైలో కాఠిన్యం ఒక్కసారిగా 28 శాతం పడిపోయింది. మిగిలిన దేశాలవారి వాటా పెరిగి, యంత్రాలకు మహా తేజీ వచ్చింది. నవంబరులో నాణెం 69 వేల డాలర్లు తాకినప్పుడు అమెరికా కంపెనీలు మరుసటి ఏడాది సరుకుకు అప్పు చేసి మరీ వాయిదా బేరాలు కుదుర్చుకున్నవి. సరుకు దిగేసరికి 2022 చివర నాణెం 17 వేల డాలర్ల దిగువన ఉన్నది. యంత్రాల ధర నాలుగో వంతు దిగువకు పడిపోయింది. పెద్ద కంపెనీలలో ఒకటైన కోర్ సైంటిఫిక్ 2022 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. అప్పు ఇచ్చినవారి చేతిలో తాకట్టుగా మిగిలినవి ఆ యంత్రాలే.

ఇక మన ప్రాంతపు లెక్క. 2025లో లోకంలోని యంత్రాలన్నిటి శక్తి కలిపి 100 కోట్ల టెరాహాష్‌లు దాటింది. ఆ అంకెనే తీసుకుంటే 200 టెరాహాష్‌ల ఎస్21 ఒక్కదాని వాటా రోజుకు 0.00009 నాణెం. (ఒంటరి యంత్రానికి ఇది లాటరీ. అందుకే ఎందరో కలిసి పూల్‌గా చేరి వాటాలు పంచుకుంటారు.) నాణెం కోటి రూపాయలనుకుంటే రోజుకు రు. 900. యంత్రం 3.5 కిలోవాట్లు వాడుతుంది గనుక రోజుకు 84 యూనిట్లు. అన్ని చార్జీలూ కలిపి యూనిట్ రు. 7 పడుతుందనుకుంటే రు. 588. మిగులు రు. 312. ఇంతవరకు బాగానే ఉన్నట్లు కనబడుతుంది.

బ్రోకర్లు చూపించే కాగితం సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం ఇటువంటి డిజిటల్ ఆస్తుల ఆదాయంపై పన్ను 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు. కొన్న ఖరీదు తప్ప వేరే ఖర్చు మినహాయించుకోవడానికి లేదు. తవ్వకానికి పెట్టిన సదుపాయాల ఖర్చు కొన్న ఖరీదు కిందకు రాదని అదే ఏడాది మార్చిలో ప్రభుత్వం లోక్‌సభలో చెప్పింది. అంటే మిగులు 312 మీద కాదు, మొత్తం 900 మీద పన్ను లెక్కించుకోవాలి. అది రు. 280.80. చేతిలో నిలిచేది రోజుకు రు. 31.20. టెరాహాష్ 15 డాలర్లు, డాలరు రు. 85 అనుకుంటే యంత్రం ఖరీదు రు. 2,55,000. రోజుకు 31 రూపాయల చొప్పున అది తీరడానికి 22 సంవత్సరాలు పడుతుంది. దిగుమతి సుంకం, జి.ఎస్.టి., వడ్డీ, షెడ్డు, కాపలా ఇందులో లేవు. ఒక వ్యాపారంలో వచ్చిన లాభానికి మరోదాని నష్టం కొట్టివేసే అలవాటు కూడా ఇక్కడ చెల్లదు. ఈ ఆస్తుల నష్టాన్ని వేరే ఆదాయంలో సర్దుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అమ్మకంపై ఒక శాతం టి.డి.ఎస్. 2022 జూలై నుంచి ఉండనే ఉన్నది.

నాణెం ధర కోటి వద్ద నిలబడుతుందన్న హామీ కూడా లేదు. 2025 అక్టోబరులో లక్షా పాతిక వేల డాలర్లు దాటిన నాణెం నవంబరులో 90 వేల దిగువకు జారింది. రు. 80 లక్షల ధరకు పై లెక్కే వేస్తే రాబడి 720, కరెంటు 588, పన్ను 224.64. రోజుకు రు. 92.64 నష్టం. ఈ యంత్రానికి, ఈ కరెంటు రేటుకు, నాణెం సుమారు 95 లక్షలు దాటితే గాని గల్లాలో పైసా నిలవదు.

చవకగా దొరుకుతున్నదని పాత ఎస్19 ప్రో కొంటే పరిస్థితి ఇంకా సులభంగా తేలిపోతుంది. కోటి రూపాయల ధరకు కూడా దాని రాబడి రోజుకు రు. 495, కరెంటు రు. 546. పన్ను మాట రాకముందే నష్టం.

మరి రానున్న యంత్రం ఆదుకుంటుందా? 9.5 జౌళ్ల లెక్కన అదే 200 టెరాహాష్‌లకు కరెంటు రోజుకు రు. 319కి దిగుతుంది. పన్ను పోను కోటి ధరకు రు. 300 నిలుస్తుంది. పది రెట్ల మెరుగు! కాని ఇవే యంత్రాలు అందరి షెడ్లలోనూ దిగి మొత్తం శక్తి సగం పెరిగి 150 కోట్ల టెరాహాష్‌లయితే రాబడి 600కు పడుతుంది. పన్ను, కరెంటు పోను నిలిచేది రు. 93.60. ప్రకటన నాటి లాభంలో మూడింట రెండు వంతులు సరుకు దిగేలోపే ఆవిరి. ముందుగా అందుకున్నవాడు నాలుగైదు నెలలు తింటాడు. చివరి విడతవాడికి మిగిలేది పెంటపొట్టు.

ఆవిరి అన్నందుకు, రాయలసీమ ఎండ మాట కూడా చెప్పుకోవాలి. గాలితో చల్లబడే యంత్రాలకు తయారీదార్లు చెప్పే పరిమితి సాధారణంగా 40–45 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపలలో బయటి గాలే ఆ హద్దును తాకుతుంది. ఒక్కో యంత్రం మూడున్నర వేయివాట్ల హీటరుతో సమానం. వంద యంత్రాల రేకుల షెడ్డు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. జిన్నింగు మిల్లు దుమ్ము, దూది ఫ్యాన్లలో చేరితే మరీ చేటు. కొత్త హైడ్రో రకానికి నీటి గొట్టాలు, శీతలీకరణ వ్యవస్థ వేరుగా కట్టించాలి. నీరు ఆవిరి చేసే టవరుకు బోరు నీరు కావాలి. ఫ్యాన్లతోనే నీటిని చల్లబరచే పద్ధతి మండుటెండలో మందగిస్తుంది.

ఓర్వకల్లు, గడివేముల మండలాలలో 2017 నుంచి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తున్నది గదా, ఎండనే కరెంటుగా వాడుకోరాదా అనేవారున్నారు. పగటి సోలార్ ఆరు గంటలు గట్టిగా వస్తుందనుకుంటే రాబడి రోజుకు 225 రూపాయలే. యంత్రం వయస్సు మాత్రం 24 గంటలూ తరుగుతుంది. రాత్రికి నిల్వ చేసుకుంటే ఆ ఖర్చు యూనిట్ ధరకు చేరుతుంది. అసలు పోటీదార్లు ఎవరో చూసుకోవాలి. భూటాన్‌లో ప్రభుత్వ పెట్టుబడి సంస్థే సొంత జలవిద్యుత్తుతో తవ్విస్తున్నది. టెక్సాస్‌లో రయట్ కంపెనీ 2023 ఆగస్టులో యంత్రాలు ఆపి కరెంటు వదిలినందుకు 3.17 కోట్ల డాలర్ల మేర జమలు పొందింది. ఆ నెల తవ్విన నాణేల విలువకు అది మూడు రెట్లకు పైగా. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రాలు వెతికేవారికి పోయేది రోజు కూలి. ఇక్కడ వెతికినంతసేపూ మీటరు తిరుగుతుంది.

షెడ్డూ వద్దు, కరెంటూ వద్దు, మీ పేర యంత్రాన్ని మేమే ఎక్కడో నడిపిస్తామనే బేరాలు వేరొక తరగతి. 2015 ప్రాంతంలో మొదలైన గెయిన్‌బిట్‌కాయిన్ పథకం నెలకు పది శాతం చొప్పున 18 నెలల రాబడి ఆశ చూపి దేశమంతటా సొమ్ము వసూలు చేసింది. ఆ కేసులు చివరకు సి.బి.ఐ. చేతికి వెళ్లినవి. పైన చూసిన అంకెల ముందు నెలకు పది శాతమన్న మాట ఎంత నిలుస్తుందో ప్రొద్దుటూరు బంగారు వర్తకునికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పినా బయానా కట్టదలచినవారు కాగితంపై రాయించుకోవలసినవి కొన్ని గలవు. సరఫరా నెల ఏది, ఎన్నో విడత? గడువు దాటితే బయానా వాపసా, లేక మరో రకం అంటగడతారా? సరుకు దిగేనాటికి టెరాహాష్ ధర పడితే ఆ తేడా ఎవరిది? యంత్రం చెడితే మరమ్మతుకు ఏ దేశం పంపాలి, రాకపోకల రోజులు ఎన్ని? ఆదోనిలో ప్రత్తి ఇస్తామని వాయిదా రాసినవాడు రకం, తేమ, తేదీ రాయకుండా సంతకం చేయించుకోలేడు. యంత్రాల ఫారాలలో తేదీ స్థానంలో “అంచనా” అనే మాట అచ్చయి ఉంటే, బయానా మొత్తం ఎంతైనా, ఆ మాట పక్కన నష్టపరిహారపు రేటు రాయించుకున్న తరువాతనే చెక్కు ఇవ్వడం మంచిది.