ఫోను వేషంలో కంప్యూటర్

బయటి ప్రపంచం ఆండ్రాయిడ్‌ని మొదట వాడి చూసింది ఫోనులో కాదు, కంప్యూటర్ తెర మీద. 2007 నవంబరులో గూగుల్ ఈ వ్యవస్థను ప్రకటించి, యాప్‌లు రాసేవాళ్లకు కావలసిన పనిముట్లను విడుదల చేసింది. అప్పటికి ఏ దుకాణంలోనూ ఆండ్రాయిడ్ ఫోను లేదు. మొట్టమొదటిదైన హెచ్‌టీసీ డ్రీమ్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది 2008 అక్టోబరులో. మరి ఆ మధ్యకాలంలో రాసిన యాప్‌లను ఎక్కడ నడిపి చూశారు? ఆ పనిముట్లతో పాటే ఇచ్చిన ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో ఫోనులా నటించే సాఫ్ట్‌వేర్‌లో. ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టిన క్యూఎము అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దానికి పునాది. ఇవాళ మాదాపూర్‌లో ఓ ఇంజినీరు ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్ బటన్ నొక్కితే మానిటర్ పక్కన తెరుచుకునే ఫోను బొమ్మ దాని వారసురాలే.

ఇంజినీర్ల అవసరానికి పుట్టిన ఈ వేషం ఇళ్లలోకి రావడానికి కారణాలు వేరు. గ్రూప్స్‌కి చదువుకునే అమ్మాయి కొన్న వీడియో తరగతులు యాప్‌లో తప్ప తెరుచుకోవు. ఆరంగుళాల తెర మీద రోజంతా భారత రాజ్యాంగం వింటే మెడ పట్టేస్తుంది. పక్కనే ల్యాప్‌టాప్ ఖాళీగా ఉంటుంది. ఇంటర్ కుర్రాడి ఫోను పావుగంట ఆటకే పెనంలా కాలుతుంది, అన్నయ్య కంప్యూటర్‌లో మాత్రం గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఇద్దరి ప్రశ్నా ఒక్కటే: దీన్ని అందులో ఎందుకు నడపకూడదు?

నడపొచ్చు. కాకపోతే మధ్యలో ఒక చిక్కు ఉంది. ఫోన్లలో ఉండేవి దాదాపు అన్నీ ఆర్మ్ రకం చిప్‌లు. మన బల్లల మీది కంప్యూటర్లలో ఎక్కువగా ఉండేవి ఇంటెల్, ఏఎండీ వాళ్ల ఎక్స్86 రకం. ఒకదానికి ఇచ్చే ఆదేశం రెండోదానికి అర్థం కాదు. అంచేత ఆర్మ్ కోసం తయారైన ఆటను ఎక్స్86 మీద నడపాలంటే ప్రతి ఆదేశాన్నీ అప్పటికప్పుడు అనువదించాలి. ఇంటెల్ ఇందుకోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కి హుడీనీ అని ఇంద్రజాలికుడి పేరే పెట్టింది. అనువాదం కాస్త వేగాన్ని తినేస్తుంది. ఆండ్రాయిడ్ వ్యవస్థ మొత్తాన్నీ ఎక్స్86 కోసమే తిరిగి కూర్చుకుని, యాప్‌లోని ఆర్మ్ ముక్కల్ని మాత్రమే అనువదిస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఇప్పటి ఎమ్యులేటర్లు చాలావరకు చేసేది అదే.

ఇంకో సంగతి. 2005, 2006 నుంచి ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో వర్చువలైజేషన్ అనే సదుపాయం వచ్చింది. ఒక యంత్రంలో ఇంకో యంత్రం కొలువుండటానికి చిప్ స్వయంగా చోటిస్తుందన్నమాట. చాలా కంప్యూటర్లలో ఇది బయోస్ సెట్టింగ్‌లలో ఆపేసి ఉంటుంది. ‘మా సిస్టమ్ పాతదండీ, ఎమ్యులేటర్ లాగలేకపోతోంది’ అనేవాళ్లలో కొందరి కంప్యూటర్‌కి వచ్చిన జబ్బు ఇదే. ఒక్క మీట మార్చితే నత్తనడక పోతుంది. ర్యాం నాలుగు జీబీయే ఉంటే మాత్రం మీట కూడా కాపాడలేదు. విండోస్ తన వాటా తీసుకున్నాక ఆండ్రాయిడ్‌కి మిగిలేది మెతుకులే.

మామూలు జనానికి ఈ వేషాన్ని పరిచయం చేసిన ఘనత బ్లూస్టాక్స్‌ది. ఢిల్లీ ఐఐటీలో చదివిన రోజెన్ శర్మ అమెరికాలో స్థాపించిన కంపెనీ అది. 2011 అక్టోబరులో తొలి పరీక్షా రూపం బయటికొచ్చింది. ఫోను యాప్‌లన్నిటినీ కంప్యూటర్‌లోకి తేవాలన్న ఆశతో మొదలై, కొన్నేళ్లలో ఆటగాళ్ల అడ్డాగా మారింది. కారణం కీ మ్యాపింగ్. తెర మీద ఎడమ బొటనవేలితో తోసే చోటుకు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటలు, గురి పెట్టే చోటుకు మౌసు, పేల్చే చోటుకు క్లిక్కు కేటాయించుకుంటే చాలు. బొటనవేళ్లతో ఆడేవాడి మీద మౌసువాడిది పైచేయి, అందులో అనుమానం లేదు.

అసలు తగవు మొదలైంది ఇక్కడే. పబ్‌జీ మొబైల్ ఆట విషయంలో దాన్ని తెచ్చిన టెన్సెంట్ కంపెనీ ఎమ్యులేటర్‌ని తరిమేయకుండా తనే ఒకటి తెచ్చింది. మొదట టెన్సెంట్ గేమింగ్ బడ్డీ, తర్వాత గేమ్‌లూప్ అన్నారు. కాకపోతే ఎమ్యులేటర్‌లో ఆడేవాళ్లను వాళ్లలో వాళ్లకే పోటీ పెట్టింది. జట్టులో ఒక్కడు కంప్యూటర్ నుంచి వచ్చినా జట్టంతా అటే వెళ్లాలి. నాకు తెలిసి ఈ గొడవకు దొరికిన న్యాయమైన తీర్పు అదే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని మన ప్రభుత్వం నిషేధించింది. 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ అనే ఆట వచ్చింది. ఇది ఎమ్యులేటర్‌ని అధికారికంగా ఒప్పుకోదు. ఎలాగోలా దూరి ఆడినా, పట్టుబడితే ఏళ్ల తరబడి పోగేసుకున్న స్కిన్‌లూ ర్యాంకూ ఖాతాతో సహా పోతాయి. ‘ఎమ్యులేటర్ వాడితే నేరమా?’ అని అడిగేవాళ్లుంటారు. సోనీ ప్లేస్టేషన్‌ని అనుకరించిన కనెక్టిక్స్ కంపెనీ కేసులో 2000లో అమెరికా అప్పీలు కోర్టు కనెక్టిక్స్ వైపే మొగ్గింది. అనుకరించడం వేరు, ఆట నియమాలు మీరడం వేరు. మీ ఖాతా పోయేది రెండో దానికి.

పెద్ద కంపెనీలు కూడా ఈ పని నెత్తికెత్తుకుని చూశాయి. మైక్రోసాఫ్ట్ రెండుసార్లు ప్రయత్నించింది, రెండూ మన హైదరాబాదీ సత్య నాదెళ్ల హయాంలోనే. 2015లో ప్రకటించిన ప్రాజెక్ట్ ఆస్టోరియా విండోస్ ఫోన్లలో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపిస్తానంది, ఏడాది తిరక్కుండానే అటకెక్కింది. 2021 జూన్‌లో విండోస్ 11ని పరిచయం చేసే సభలో డెస్క్‌టాప్ మీద టిక్‌టాక్ ఆడించి చూపించారు (అప్పటికి మన దేశంలో దాన్ని నిషేధించి ఏడాది అవుతోంది). సాంకేతికంగా అది చక్కని పని. లోటల్లా సరుకుదే. గూగుల్ ప్లే స్టోర్ బదులు అమెజాన్ యాప్‌స్టోర్ పెట్టారు, జనానికి కావలసినవి చాలా అందులో లేవు. 2025 మార్చి 5తో దానికి తెర దించారు.

ఆపిల్ కథ దీనికి తిరగబడిన అద్దం. 2020 నవంబరులో ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌లలో ఉన్నదీ ఆర్మే కాబట్టి ఐఫోన్ యాప్‌కి అనువాదమే అక్కర్లేదు, నేరుగా నడుస్తుంది. అయినా ఆపిల్ ఒక వీలు కల్పించింది. యాప్ యజమాని వద్దనుకుంటే మ్యాక్‌లో కనిపించకుండా చేసుకోవచ్చు. నెట్‌ఫ్లిక్స్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి వద్దనే అనుకున్నాయి. చూడండి, ఒకచోట యంత్రం సిద్ధంగా ఉండి దుకాణం లేదు, ఇంకోచోట దుకాణం ఉండి యజమాని ఒప్పుకోలేదు. గూగుల్ 2022 నుంచి ఒక్కో దేశంలో తెస్తూ వచ్చిన ప్లే గేమ్స్ పీసీ వెర్షన్ ఈ రెండు గండాలూ దాటింది కానీ, ఆటలకే పరిమితమైంది. అదీ కనీసం ఎనిమిది జీబీ ర్యాం, ఎస్ఎస్‌డీలో పది జీబీ ఖాళీ ఉన్నవాళ్లకు.

నా లెక్కలో అసలు ప్రశ్న కంప్యూటర్ ఈ యాప్‌ని నడపగలదా అన్నది కాదు. ఆ రోజులు ఎప్పుడో పోయాయి. యాప్ ఆ కంప్యూటర్‌ని నమ్ముతుందా అన్నదే ప్రశ్న.

ఎమ్యులేటర్ అన్నిటినీ నటించగలదు. వేలి తాకిడి, బ్యాటరీ శాతం, ఊరు, చివరికి ఫోను మోడల్ పేరు కూడా. బ్లూస్టాక్స్ సెట్టింగ్‌లలో ఏ ఖరీదైన ఫోను పేరు కావాలంటే అది పెట్టుకోవచ్చు. నటించలేనివి రెండున్నాయి: సిమ్ కార్డు, ఫోను చిప్‌లోనే దాచిన రహస్య సంకేతం. యూపీఐ యాప్‌లో మొదటిసారి నమోదయ్యేటప్పుడు అది మీ నంబరు నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపుకుంటుంది, ఆ సిమ్‌నీ ఆ ఫోనునీ ముడివేస్తుంది. సిమ్ లేని డబ్బా ఏం పంపుతుంది? బ్యాంకు యాప్‌లయితే ప్లే ఇంటెగ్రిటీ అనే గూగుల్ సేవ ద్వారా ‘ఇది నిజం ఫోనేనా?’ అని వాకబు చేస్తాయి. కాదని జవాబొస్తే గుమ్మంలోనే ఆపేస్తాయి. విసుగొచ్చే మాటే అయినా, బ్యాంకుల పక్షమే నాది. వందల నకిలీ ఫోన్లను ఒకే గదిలోంచి నడిపే మోసగాడికీ, పెద్ద తెర కోసం ఆరాటపడే పెద్దాయనకీ తేడా యాప్‌కి తెలియదు.

సినిమాల దగ్గర ఇదే తంతు, గిట్టుబాటు మాత్రం వేరేవాళ్లది. కాపీ రక్షణలో పై స్థాయి ఎమ్యులేటర్‌కి దక్కదు కాబట్టి కొన్ని యాప్‌లలో బొమ్మ మసకగానే వస్తుంది. పెద్ద తెర కోసం ఎమ్యులేటర్ పెట్టుకుని మసక బొమ్మ చూడటం కంటే బ్రౌజర్‌లో చూడటం మేలు.

నమ్మకం అటు నుంచే కాదు, ఇటు నుంచీ చూసుకోవాలి. నాక్స్‌ప్లేయర్ అనే ఎమ్యులేటర్ అప్‌డేట్‌లలోకి ఎవరో చొరబడి నిఘా సాఫ్ట్‌వేర్ పంపిన సంగతిని 2021 ఫిబ్రవరిలో ఈసెట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. తన వినియోగదారుల్లో లక్ష మందికి పైగా నాక్స్ వాడుతుంటే, ఆ విషపు అప్‌డేట్ అందింది ఐదుగురికే. ఏరి కోరి వేసిన గురి అది. కాబట్టి ఎమ్యులేటర్‌ని తయారుచేసిన కంపెనీ సైటు నుంచే దింపుకోండి. యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన ‘లైట్ వెర్షన్’ లింకు జోలికి పోవద్దు. మీ అసలు జీమెయిల్ బదులు ఆటకో ఖాతా వేరుగా తెరిచి అందులోకి వెళ్లండి.

పెద్ద తెర ఒక్కటే కావాలనుకునేవాళ్లకు వేషంతో పని లేని దారి ఒకటుంది. 2018లో వచ్చిన ఎస్‌సీఆర్‌సీపీవై అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఫోనులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫోను తెర మానిటర్ మీద కనిపిస్తుంది, కీబోర్డూ మౌసూ పనిచేస్తాయి. యాప్ నడిచేది అసలు ఫోనులోనే కాబట్టి దాని సిమ్‌కీ చిప్‌కీ లోటుండదు. పని అయిపోగానే డీబగ్గింగ్ ఆపేయడం మరవకండి. బ్యాంకు యాప్ తెరిస్తే మాత్రం మానిటర్ మీద నల్లగా వస్తుంది, తెరను కాపీ కానివ్వకుండా వాళ్లు పెట్టుకున్న అడ్డు అది. వీడియో తరగతుల యాప్‌లు కొన్ని కూడా అలాగే చేస్తాయి. అలాంటప్పుడు ఫీజు కట్టిన చోటికి ఫోను చేసి, వెబ్‌సైటులో లాగిన్ ఉందేమో అడగండి. కొన్నిటికి ఉంటుంది, ప్రకటనలో మాత్రం వేయరు.