మీట నొక్కినా మోత ఏదీ?

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే కుర్రాడికి సొంత పాట రికార్డు చేయాలనిపిస్తుంది. ఎలక్ట్రిక్ పియానోకి యూఎస్‌బీ కేబుల్ తగిలించి, కంప్యూటర్‌లో రికార్డు బటన్ నొక్కి వాయిస్తాడు. తెర మీద గీతలు పడతాయి. తిరిగి వినబోతే చప్పుడే ఉండదు!

ఎందుకు? చాలా పియానోల్లో ఆ కేబుల్ గుండా వెళ్లేది శబ్దం కాదు, మిడి సమాచారం. వేర్వేరు కంపెనీల వాద్యాలు మాట్లాడుకోవడానికి 1983లో వాడుకలోకి వచ్చిన భాష ఇది. ఏ మీట, ఎప్పుడు, ఎంత జోరుగా (1 నుంచి 127 దాకా) నొక్కారో చెబుతుంది, అంతే. పుస్తకంలో స్వరాలు రాసుకున్నట్టన్నమాట. పాడేవాళ్లు లేకపోతే పుస్తకం పాడదు కదా! అందుకే సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్‌కి ఒక వాద్యాన్ని ఎంచుకోవాలి. పియానో అసలు గొంతే కావాలంటే లైన్ అవుట్ నుంచి, శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి వేరే కేబుల్ వేయాలి.

ఒక్కో స్వరం రెండుసార్లు మోగుతోందా? పియానో గొంతూ కంప్యూటర్ గొంతూ కలిశాయి. పియానోలో మీటలను దాని సొంత గొంతుతో కలిపే 'లోకల్ కంట్రోల్' ఆపేస్తే సరి. పని అయ్యాక మళ్లీ ఆన్ చేయాలి, లేకుంటే పియానో పాడైందని ఇల్లంతా కంగారు!

అసలు చిరాకు మీట నొక్కాక కంప్యూటర్ గొంతు వినిపించడంలో జరిగే ఆలస్యంతోనే. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కలుగా కాదు, బిందెల కొద్దీ పంపుతుంది. ఆ బిందె పేరు బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దపు చుక్కల) లెక్కన 1024 శాంపిళ్ల బిందెకు సుమారు 23 మిల్లీసెకన్లు పడుతుంది. పెనుగంచిప్రోలు తిరునాళ్లలో 8 మీటర్ల దూరాన మోగిన డప్పు చెవిని చేరడానికీ దాదాపు అంతే. 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్లు చాలు. మరీ తగ్గిస్తే ప్రాసెసర్ అందుకోలేక చిటపటలు వినిపిస్తాయి. కాబట్టి వాయించేటప్పుడు చిన్న బిందె, మిక్సింగ్‌లో పెద్ద బిందె.