సంచి నిండా పుస్తకాలు, ఇంట్లో పది నిమిషాలు



బడులు తెరిచిన వారంలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘపు సహోదరి ఒకరు పెద్ద గుడ్డ సంచితో పాస్టరేటుకు వచ్చారు. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. భర్త కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో తొమ్మిదేళ్ల అబ్బాయి, నాలుగేళ్ల పాప, అత్తగారు. సంచి బల్లమీద బోర్లించి, "అయ్యగారూ, వీటిలో ఏది మంచిదో మీరే చెప్పండి. అన్నీ కొని చూశాను. ఏదీ పదిరోజులు సాగలేదు. బాబు అయితే ప్రార్థన అనగానే బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుంటున్నాడు" అన్నారు.

బల్లమీద ఉన్నవి ఇవి. ఇంగ్లీషులో రంగుల బొమ్మల బైబిలు. రోజుకొక కథ చొప్పున ఏడాదికి సరిపడే లావుపాటి పుస్తకం. తల్లుల కోసం రాసిన ధ్యానాల పుస్తకం. పెళ్లికి ఎవరో బహుమతిగా ఇచ్చిన 'ఎడారిలో సెలయేర్లు'. స్టిక్కర్ల పుస్తకం, వాగ్దాన కార్డుల పెట్టె, వచనం అప్పజెప్పితే నక్షత్రం అంటించే చార్టు, బైబిలు చదివి వినిపించే చిన్న స్పీకరు. ఫోనులో మూడు యాప్‌లు వేరే. ఈ ఏడాదిలో వీటికి 3,600 రూపాయలు అయ్యాయట. జీతం అందగానే ఒకటి, ఎవరో మంచిదన్నారని మరొకటి.

చాలా ఇళ్లలో ఇలాంటి సంచి ఒకటి ఉంటుంది గనుక, ఆ మధ్యాహ్నం ఆమెతో మాట్లాడినవి మీతోనూ పంచుకోవాలనిపించింది.

ముందు ఒక మాట. ఇంట్లో భక్తి నేర్పడానికి వస్తువులు కొనడం ఈ కాలపు బలహీనత కాదు. 1528లో మార్టిన్ లూథర్ సాక్సనీలోని సంఘాలను పరిశీలిస్తూ తిరిగినప్పుడు, విశ్వాసులకే కాదు, కొందరు బోధకులకు కూడా పది ఆజ్ఞలూ ప్రభువు ప్రార్థనా సరిగా రావని గమనించి నొచ్చుకున్నారు. మరుసటి ఏడు, 1529లో, చిన్న ప్రశ్నోత్తరి రాశారు. పుస్తకంగా రాకముందే అందులోని భాగాలు గోడకు తగిలించుకునే కాగితాలుగా అచ్చయ్యాయి. ఇంటి యజమాని తన ఇంటివారికి తేలికగా నేర్పుకోవడానికే దాన్ని ఉద్దేశించారు. ఉదయం లేచాక ఒక చిన్న ప్రార్థన, పడుకునే ముందు ఒకటి, భోజనానికి ముందొకటి, తర్వాతొకటి. మద్రాసులో సేవచేసి జర్మనీకి తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ దాన్నే తెలుగులోకి తెచ్చి 1746లో హాలే పట్టణంలో అచ్చువేయించారు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఒకటి, చూడండి, ఇంట్లో పిల్లలకు నేర్పే చిన్న పుస్తకం! కాబట్టి మన సహోదరి చేసింది తప్పేమీ కాదు. ఆ చిన్న పుస్తకంలో ఒక తెలివి ఉంది. అలసిపోయిన తండ్రి, చదువు తక్కువైన తల్లి కూడా ఆ రోజే మొదలుపెట్టి, ఆ రోజే ముగించగలిగేంత కొంచెమే అందులో ఉంది.

అందుకే నేను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న పుస్తకం గురించి కాదు. "అమ్మా, మీ ఇంట్లో అందరూ ఒకచోట కూర్చోగలిగే సమయం ఎంత?" ఆమె లెక్కవేసుకుని, "రాత్రి తొమ్మిదికి ఒక పది నిమిషాలు. అదీ నాకు నైట్ లేని రోజుల్లో" అన్నారు.

ఇక ఆ పది నిమిషాల ముందు ఒక్కో వస్తువునూ నిలబెట్టి చూశాం. ఏడాదిలో బైబిలు ముగించే పట్టిక యాప్‌లో ఉంది. బైబిలులో 1,189 అధ్యాయాలు. 365 రోజులకు పంచితే రోజుకు మూడుకు పైనే. ఒంటరిగా చదువుకునే పెద్దవారికి అది మేలైన క్రమశిక్షణే. పిల్లలతో పది నిమిషాల్లో జరిగే పని కాదు. పది రోజులు తప్పిపోతే ముప్పైకి పైగా అధ్యాయాల బాకీ. ఫోను తెరవగానే ఆ బాకీ ఎర్రటి అంకెల్లో కనబడుతుంది. ఆమె ఫోను దించేయడానికి కారణం భక్తి తగ్గడం కాదు, ఆ అంకె. రోజుకొక కథ పుస్తకం కథ కూడా అంతే. జనవరి 19 దగ్గర ఆగిపోయి ఉంది. తారీఖు వేసిన పుస్తకం తప్పిన రోజును వేలెత్తి చూపిస్తుంది. తారీఖు లేని పుస్తకంలో నిన్న పెట్టిన గుర్తు దగ్గరనుండి ఈ రోజు చదువుకోవచ్చు. షిఫ్టుల్లో పనిచేసే ఇళ్లకు నేను రెండోదే చెబుతాను.

'ఎడారిలో సెలయేర్లు' గురించి కొందరికి నా మాట రుచించకపోవచ్చు. మన తెలుగు ఇళ్లలో అది బైబిలు పక్కనే ఉంటుంది, మా ఇంట్లోనూ ఉంది. మిసెస్ చార్లెస్ కౌమన్ 1925లో ఆ పుస్తకం వెలువరించారు. అంతకుముందు కొన్నేళ్లు జబ్బుపడిన భర్త మంచం పక్కన గడిపారు, 1924లో ఆయన కన్నుమూశారు. ఆ వేదనలో ఏరుకున్న మాటలవి. రాత్రి డ్యూటీలో రోగి చనిపోయాక ఇంటికి వచ్చిన నర్సుకు అందులోని పేజీ ఎంత ఓదార్పునిస్తుందో వేరే చెప్పాలా? నాలుగేళ్ల పాపకు మాత్రం అది అందదు. "ఇది మీకు ఉంచుకోండి, ప్రార్థన బల్లమీద నుంచి తీసేయండి" అన్నాను.

వాగ్దాన కార్డుల పెట్టె తెరిస్తే పైనే యిర్మీయా 29:11 ఉంది. మీ అందరికీ కంఠస్థమే. ఆ వచనం ఒక ఉత్తరంలోనిది. యెరూషలేము నుండి బబులోనులో చెరలో ఉన్నవారికి ప్రవక్త పంపిన ఉత్తరం. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది. ఇంకాస్త పైన ఇళ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి అన్న భావం ఉంది. అంటే త్వరగా తిరిగిరాలేరు, ఉన్నచోటే బ్రతకండి, నేను మిమ్మల్ని మరచిపోలేదు అని దేవుడు చెబుతున్నాడు. కార్డుమీద చివరి ముక్కే మిగిలింది. నాన్న ఎప్పుడొస్తాడని అడిగే పిల్లవాడికి ఆ ముక్క ఒక్కటే చేతిలో పెడితే వచ్చే నెల వస్తాడనుకుంటాడు. రాకపోతే? ఉత్తరమంతా చెబితే, దూరంగా ఉండే ఏళ్లలో కూడా దేవుడు లెక్క మరచిపోడని తెలుస్తుంది. పెట్టె పారేయమనలేదు. కార్డు తీసినప్పుడు ఆ అధ్యాయం తెరిచి, పైన కింద కొంచెం చదవమన్నాను.

బొమ్మల పుస్తకాల విషయంలో కొంచెం నిలిచి మాట్లాడాలి. కొనేముందు రెండు కథలు తెరిచి చివరి వాక్యం చూడండి. దానియేలు కథ 'నీవు మంచిగా ఉంటే దేవుడు నిన్ను కాపాడతాడు' అని ముగిసిందా, అక్కడ పెట్టేసి వెనక్కి రండి. ఎందుకంటే అది వినే పిల్లవాడి తాతయ్య రేపు ఐసీయూలో ఉండవచ్చు. తాతయ్య మంచివాడు కాదా అనే ప్రశ్న ఆ చిన్న మనసులో పుడుతుంది. దానియేలు స్నేహితులు ముగ్గురు అగ్నిగుండం ముందు నిలబడి, దేవుడు తప్పించినా తప్పించకపోయినా ఆయననే సేవిస్తామన్నారు కదా (దానియేలు 3:17, 18). ఆ రెండో సగాన్ని ఉంచిన పిల్లల పుస్తకం దొరికితే, బొమ్మలు అంత బాగోకపోయినా అదే కొనండి. కథను నీతికథగా మార్చడం రచయితలకు తేలిక, మా ప్రసంగీకులకు ఇంకా తేలిక.

స్క్రీను సంగతి కూడా అడిగారు. పాప బైబిలు కార్టూన్లు చూస్తే బైబిలే కదా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుండి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని స్క్రీను చూసే సమయం రోజుకు గంట దాటకూడదు, తగ్గితే మరీ మంచిది. మోషే కార్టూను కూడా ఆ గంటలోకే వస్తుంది. పైగా అది పాపను కూర్చోబెడుతుంది, పాపతో కూర్చోదు. ఫోనుకు నేను వ్యతిరేకిని కాను. ఆ ఇంట్లో ఫోనుకు ఒక గొప్ప పని ఉంది, దాని గురించి చెబుతాను.

ముందు అత్తగారి సంగతి. "ఇవన్నీ చదువుతున్నప్పుడు ఆమె ఎక్కడుంటారు?" అన్నాను. సహోదరి కాసేపు మాట్లాడలేదు. "ఆమెకు ఇంగ్లీషు రాదండీ. మంచంమీద తన బైబిలు తను చదువుకుంటారు" అన్నారు. ఆ సంచిలోని లోటు నాకు అక్కడ కనబడింది. ఆ సంచిలో పిల్లల ముందు పెట్టినవన్నీ పిల్లల బడి భాషలో ఉన్నాయి. పిల్లలకు పాత అనువాదపు తెలుగు రాదు, నాయనమ్మకు బొమ్మల బైబిలు రాదు, మధ్యలో తల్లి అనువాదకురాలు. ఒక ఇంట్లో రెండు ప్రార్థనలు జరుగుతున్నాయి. తిమోతి విశ్వాసం గురించి పౌలు రాసినప్పుడు అవ్వ లోయి పేరు ముందు, తల్లి యునీకే పేరు తర్వాత రాశాడు (2 తిమోతి 1:5). తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16:1 చెబుతుంది, ఆయన విశ్వాసం గురించి ఏ మాటా లేదు. చేతిరాత గ్రంథపు చుట్టలు ఖరీదైన ఆ కాలంలో ఆ పిల్లవాడికి అందిన 'ప్రోడక్టు' ఒక ముసలామె గొంతు.

ఇది చెప్పే అర్హత నాకు పెద్దగా లేదు. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు కుటుంబ ప్రార్థన ముప్పావుగంట నడిపేవాణ్ని. సెమినరీ నుండి తెచ్చుకున్న వ్యాఖ్యానాలు పక్కన పెట్టుకునేవాణ్ని కూడా. కిందటేడు మా పెద్దవాడు, ఇప్పుడు ఉద్యోగస్థుడు, నవ్వుతూనే అన్నాడు: "నాన్నా, మన ఇంట్లో ప్రార్థనంటే నీ ఆదివారం ప్రసంగానికి రిహార్సల్." వాళ్లమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. ఆ ముప్పావుగంటలో వాడిని ఒక్క ప్రశ్న అడగనిచ్చానా అని వెనక్కి తిరిగి వెతుక్కుంటే ఒక్కటీ గుర్తురాలేదు.

సహోదరికి చివరకు చెప్పింది ఇంతే. రెండు నెలలకు ఒకే పుస్తకం: మార్కు సువార్త. పదహారు అధ్యాయాలు. రోజుకు పది పన్నెండు వచనాలు చదివితే సుమారు రెండు నెలలు వస్తుంది. నాయనమ్మ తన పాత బైబిలులోనే చదవాలి. అర్థంకాని మాట దగ్గర బాబు చెయ్యెత్తాలి. ఆ మాటకు అర్థం నాయనమ్మ చెప్పాలి. పాట ఒక్క చరణం. ప్రార్థన పాప చేయాలి, ఎంత చిన్నదైనా సరే. భారతదేశంలో రాత్రి తొమ్మిది అంటే కువైట్‌లో సాయంత్రం ఆరున్నర. డ్యూటీ మధ్యలోనైనా ఐదు నిమిషాలు దొరికితే ఫోను బల్లమీద ఆనించి నాన్నను కూర్చోబెట్టండి. ఆమె నైట్ డ్యూటీలో ఉన్న రోజున కూడా ఆగనవసరం లేదు, చదివేది ఎలాగూ నాయనమ్మే. నక్షత్రాల చార్టు తీసేయమన్నాను. దేవుని మాట విన్నందుకు మార్కులు వేయడం నాకెందుకో మింగుడు పడదు. స్పీకరును చూపు మందగించిన ఒక పెద్దాయనకు ఇచ్చేశాం. స్టిక్కర్ల పుస్తకం సండేస్కూలుకు వెళ్లింది. బొమ్మల బైబిలు పాప పగలు తిరగేసుకోవడానికి ఇంట్లోనే ఉంచుకున్నారు.

మూడు వారాల తర్వాత ఆమె ఫోను చేశారు. రోజూ జరగడం లేదట, వారానికి నాలుగు రోజులు అవుతోందట. తుపాను నిమ్మళించిన భాగం చదివారు. 'అమరము' అన్న మాట దగ్గర బాబు చెయ్యెత్తాడు. నాయనమ్మది మచిలీపట్నం వైపు సముద్రం పక్క ఊరు. అమరం అంటే పడవ వెనుక భాగమని చెప్పి, తన తండ్రి అక్కడే కూర్చుని వల సర్దుకునేవాడని, ఒక తుపాను రాత్రి ఆయన కోసం ఊరంతా ఒడ్డున లాంతర్లు పట్టుకుని నిలబడిందని చెప్పిందట. ఆ సంగతి సహోదరికే ఇన్నాళ్లూ తెలియదు. కువైట్ నుండి కొడుకూ మొదటిసారి విన్నాడు. ఆ రాత్రి పది నిమిషాలు కాస్తా గంటకు దగ్గరయ్యాయి.

"పాప ఒకటి అడిగిందండీ, మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను" అన్నారు ఆమె చివర్లో. "పడవలో యేసయ్యకు తలగడ ఎవరు తెచ్చి పెట్టారు అని."

తలగడ మాట మార్కు ఒక్కడే రాశాడు. ముప్పై ఏళ్లుగా ఆ భాగం మీద ప్రసంగిస్తున్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంకా జవాబు చెప్పలేదు.